దమ్ము రోగం ఉన్న ఇంట్లో కండ్లను కాపాడుకోవడం ఎలా

మా బాపు ఎనుమాముల మార్కెట్‌లో ముప్పై ఏండ్లు మిర్చి బస్తాలు మోశాడు. రోజుకు కట్టన్నర బీడీలు కాల్చేవాడు. అరవై దాటాక మెట్లెక్కితే దమ్ము, నాలుగు మాటలు మాట్లాడితే దమ్ము. ఛాతీ డాక్టరు సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై దమ్ము వచ్చే జబ్బు, అని తేల్చి పీల్చే మందు రాశారు. ఆ ఇన్‌హేలర్‌నే మేం పంపు అంటాం. రెండేండ్లకు చూపు మసకబారితే ఇంకోచోట కంటి డాక్టరుకు చూపించాం. కంట్లో ప్రెషర్ ఎక్కువుందని చుక్కల మందు ఇచ్చారు. చుక్కలు మొదలుపెట్టిన రెండో రాత్రి బాపు నడుం వాల్చలేదు. మంచం పట్టె పట్టుకుని, భుజాలు ఎగరేస్తూ, కూర్చునే తెల్లవార్చాడు. పంపు ఎన్నిసార్లు పీల్చినా "అందుతలేదు బిడ్డా" అనే అన్నాడు. చలికాలం కదా, దమ్ము లేచిందనుకున్నాం. మూడోనాడు కొత్త పంపు కోసం మందుల షాపుకు పోయి, చీటీతో పాటు చుక్కల సీసా కూడా గల్లా మీద పెట్టాను. షాపాయన సీసాను అటూ ఇటూ తిప్పి, అద్దాలు నుదుటి మీదికి నెట్టి, సన్నక్షరాలు చదివాడు. "దమ్మున్న మనిషికి టిమొలోల్ వేస్తున్నరా? వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యండి" అన్నాడు.

కంటి డాక్టరు దమ్ము సంగతి అడగలేదు, మేమూ చెప్పలేదు. ఛాతీ డాక్టరుకు కంటి ప్రెషర్ సంగతే తెలియదు. వరంగల్‌లోనే చూడండి, పెద్దాసుపత్రి ఎంజీఎం ఒకచోట, ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఇంకోచోట, హనుమకొండలో ఛాతీ, టీబీ ఆసుపత్రి మరోచోట. ఎక్కడి చీటీ అక్కడిదే. ఈ చీటీలను కలిపే పని ఇంటివాళ్లదే. బీడీ, సిగరెట్, చుట్ట వల్ల దమ్ము రోగం వచ్చిన మనిషి మీ ఇంట్లో ఉంటే ఏం చేయాలో ఒకదాని తర్వాత ఒకటి రాస్తున్నాను.

ముందుగా, అన్నీ ఒకే ఫైలులో పెట్టండి

గట్టి ప్లాస్టిక్ ఫైలు ఒకటి కొనండి. దాంట్లో ఛాతీ డాక్టరు చీటీ, కంటి డాక్టరు చీటీ, షుగర్, బీపీ చీటీలు అన్నీ పెట్టండి. మందుల పేర్లు రాసుకోవడం కంటే ఖాళీ అట్టలు, చుక్కల సీసా డబ్బాలు, నెబులైజర్‌లో (మందును ఆవిరిలా చేసి పీల్పించే మిషన్‌లో) పోసే మందు ఖాళీ గొట్టాలు పెట్టుకోవడం మేలు. రాసేటప్పుడు అక్షరం తప్పుతుంది, అట్ట తప్పదు. ఫైలు పైన పెద్ద అక్షరాలతో "సీఓపీడీ ఉంది, చుక్కల మందు రాసేముందు చూడండి" అని రాసి అంటించండి.

చీటీ లేని మందులు కూడా అందులోనే ఉండాలి. మన ఊర్లల్ల దమ్ము లేస్తే ముందు పోయేది ఆర్‌ఎంపీ దగ్గరికే. ఆయన కాగితంలో కట్టిచ్చే చిన్న గోళీల పేరు ఎవరూ అడగరు. ఆ గోళీలు వేసుకుంటే దమ్ము దిగి, ఆకలి పెరిగి, కొన్నాళ్లకు ముఖం ఉబ్బుతోందంటే అందులో స్టెరాయిడ్ ఉందని అనుమానించాలి. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు, దమ్ము ముదిరినప్పుడు అదే ప్రాణం నిలబెడుతుంది. కానీ నెలల తరబడి లెక్కలేకుండా మింగితే కంటి కటకం వెనక భాగంలో శుక్లం వస్తుంది, కొందరిలో కంటి ప్రెషర్ పెరుగుతుంది, షుగర్ ఎగబాకుతుంది. అందుకే పొట్లం ఇచ్చినప్పుడు పేరు అడగండి, చెప్పకపోతే అట్ట చూపించమనండి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే మాత్రం భయపడి ఒక్కసారిగా మానేయొద్దు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి తగ్గిపోయి ఉంటుంది, ఉన్నట్టుండి ఆపితే మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది. మోతాదు డాక్టరే మెల్లమెల్లగా తగ్గించాలి.

దెబ్బ ఎటు నుంచి వస్తుందో తెలుసుకోండి

పొగ సంగతి ముందు. బీడీ కాల్చేవాళ్లకు శుక్లం, అంటే మనవాళ్లు మోతిబిందు అనేది, ముందుగా వస్తుంది. చూపుకు కీలకమైన రెటీనా (కంటి వెనక తెర) నడిభాగం, మాక్యులా, వయసుతో దెబ్బతినే జబ్బు పొగ తాగనివాళ్ల కంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. కండ్లు పొడిబారి మంట పెడతాయి. బీడీతో పాటు మద్యం కూడా తాగుతూ, తిండి సరిగ్గా తినని మనిషికి కంటి నరమే చచ్చుబడవచ్చు. బీడీ చిన్నది, ఆకుది, కాబట్టి సిగరెట్ కంటే నయం అనే మాట నిజామాబాద్, జగిత్యాల వైపు కూడా విన్నాను. అది నిజం కాదు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసార్లు పీల్చాల్సి వస్తుంది.

రెండోది జబ్బే చేసే చెరుపు. ఆక్సిజన్ తక్కువైతే రెటీనాకు అందేదీ తగ్గుతుంది. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను సరిగ్గా బయటికి పంపలేనప్పుడు పొద్దున లేవగానే తలనొప్పి, ఎర్రబారిన కండ్లు, పగటిపూట మగత కనిపిస్తాయి. ఒక్కోసారి కంటి నరం మొదలు దగ్గర వాపు కూడా వస్తుంది. ఇలా ఉంటే కండ్లద్దాల షాపుకు కాదు, ఛాతీ డాక్టరు దగ్గరికి పోవాలి.

మూడోది మందులు. వీటి దగ్గరే మనం సరిదిద్దుకోగలిగేవి ఎక్కువ, అందుకే వీటి గురించే ఎక్కువ రాస్తాను.

నెబులైజర్ పెట్టేటప్పుడు

దమ్ము రోగులకు నెబులైజర్‌లో ఎక్కువగా పోసే మందుల్లో ఇప్రాట్రోపియం ఉంటుంది. డ్యూయోలిన్ అని అందరూ అడిగి కొనేదాంట్లో లెవోసాల్బుటమాల్‌తో పాటు ఇదే ఉంది. ఈ మందు ఊపిరి గొట్టాలను విప్పుతుంది. కానీ దాని ఆవిరి కంట్లో పడితే కనుపాప పెద్దదవుతుంది. కంట్లో నీరు బయటికి పోయే సందు పుట్టుకతోనే ఇరుకుగా ఉన్నవాళ్లకు ఆ సందు మూసుకుపోయి, ప్రెషర్ గంటల్లో విపరీతంగా పెరుగుతుంది. దూరం చూపుకు కూడా ప్లస్ అద్దాలు పెట్టుకునేవాళ్లకు, శుక్లం ముదిరినవాళ్లకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

కాబట్టి వీలైతే ముఖం మాస్క్ బదులు నోట్లో పెట్టుకునే గొట్టం వాడండి. మందుల షాపులో మౌత్‌పీస్ అంటే ఇస్తారు. మాస్కే వాడాల్సి వస్తే ముక్కు పైభాగంలో సందు లేకుండా సరిచూడండి. చూడటం సులువే. మిషన్ పెట్టాక రోగి ముక్కు పక్కన మీ అరచేయి ఉంచండి. చల్లటి తడి గాలి తగిలితే ఆవిరి కండ్లలోకి పోతున్నట్టే. మా బాపుకు పండ్లు ఊడి బుగ్గలు లోపలికి పోవడంతో మాస్క్ ఎంత బిగించినా పైనుంచి పొగలా లేచేది. గొట్టం మార్చాకనే ఆగింది. మందు పెట్టినంతసేపు కండ్లు మూసుకోమనండి, అయ్యాక తడిగుడ్డతో ముఖం తుడవండి. ఇదే కోవకు చెందిన టియోట్రోపియం గోళీని యంత్రంలో పెట్టి పీల్చేవాళ్లు ఆ పొడి వేళ్లకు అంటితే చేతులు కడుక్కోకుండా కండ్లు నలపొద్దు.

స్టెరాయిడ్ కలిసిన పంపు, అంటే బ్యుడెసొనైడ్, ఫ్లూటికాసోన్ లాంటివి, ఏండ్ల తరబడి పెద్ద మోతాదులో వాడితే శుక్లం అవకాశం కొంత పెరుగుతుంది. గోళీలతో పోలిస్తే ఇది చాలా తక్కువ. దీనికి భయపడి పంపు మానేసి, దమ్ము లేచి, మళ్లీ గోళీలకే దిగినవాళ్లను చూశాను. పంపు మానొద్దు. స్పేసర్‌తో, అంటే పంపుకు తగిలించే డబ్బా లాంటి గొట్టంతో, పీల్చడం నేర్చుకోండి, పీల్చాక నోరు పుక్కిలించండి, కండ్ల పరీక్ష తప్పకుండా చేయించండి.

ఇంట్లో ఆక్సిజన్ మిషన్, బైపాప్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే మిషన్) ఉన్నవాళ్లకు మాస్క్ పైనుంచి గాలి తన్ని కండ్లు పొడిబారతాయి. పట్టీ సరిచేసి, డాక్టరును అడిగి కన్నీటి లాంటి చుక్కలు వాడితే చాలు. ఆక్సిజన్ నడుస్తున్న గదిలో బీడీ, అగరుబత్తి, దీపం, పొయ్యి ఏదీ వెలిగించొద్దు. ముఖం మీదే మంట అంటుకుంటుంది.

చుక్కల మందు వేసేముందు

టిమొలోల్ కంటి ప్రెషర్‌కు బాగా పనిచేసే మందే, చవక కూడా. కంట్లో వేసిన చుక్క లోపలి మూల నుంచి ముక్కులోకి జారి, అక్కడి నుంచి రక్తంలో కలుస్తుంది. కాలేయం దాకా పోయి విరిగే లోపే ఒళ్లంతా తిరుగుతుంది. ఊపిరి గొట్టాలు విప్పుకోవడానికి పంపు ఏ తలుపు తడుతుందో ఆ తలుపునే టిమొలోల్ మూసేస్తుంది. అందుకే బాపుకు పంపు పీల్చినా పని చేయలేదు. దమ్ము, ఆస్తమా ఉన్నవాళ్లకు ఒక్క చుక్కతోనూ ప్రమాదం జరగవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. టిమొలోల్ ఒంటరిగానే రాదు. బ్రిమోనిడిన్, డోర్జోలమైడ్, ట్రావోప్రోస్ట్ లాంటి మందులతో కలిపిన సీసాల్లోనూ ఉంటుంది. సీసా పేరు వేరేలా ఉంటుంది, కింద సన్నక్షరాల్లో మాత్రమే టిమొలోల్ అని కనిపిస్తుంది. షాపులో కొనేటప్పుడు "దీంట్లో టిమొలోల్ ఉందా, దమ్ము ఉంది" అని నోరు తెరిచి అడగండి. బీటాక్సొలోల్ కొంత మెత్తనిదే కానీ అదీ పూర్తిగా భద్రం కాదు. దమ్మున్నవాళ్లకు లాటానోప్రోస్ట్ లాంటి వేరే దారులున్నాయి, ఏది తగునో డాక్టరు చెబుతారు. ప్రెషర్ తగ్గడానికి అసిటజోలమైడ్ గోళీలు రాస్తే, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న మనిషి అని గుర్తుచేయండి. అలాంటివాళ్లకు ఆ గోళీ రక్తంలో ఆమ్లం పెంచి ఊపిరిని ఇంకా కుంగదీయవచ్చు.

ఏ చుక్క అయినా వేసే పద్ధతి ఇది. తల వెనక్కి వంచి, కింది రెప్ప లాగి, ఒకే ఒక్క చుక్క. కన్ను మూసి, ముక్కు పక్కన కంటి లోపలి మూలను చూపుడువేలితో మెత్తగా రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టుకోండి. మందు ముక్కులోకి, రక్తంలోకి పోవడం బాగా తగ్గుతుంది. రెండో మందు ఉంటే ఐదు నిమిషాలు ఆగాలి. మిర్చి ఘాటుకు కండ్లు ఎర్రబడ్డాయని మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే చుక్కల్లో తరచూ స్టెరాయిడ్ ఉంటుంది, వాటిని ముట్టుకోవద్దు. మార్కెట్ పని, జిన్నింగ్ మిల్లు పని ఉన్నవాళ్లు చల్లటి శుభ్రమైన నీళ్లతో కడుక్కుంటే చాలు.

టీబీ మందులు వాడుతుంటే

పాత బీడీ మనిషికి టీబీ కూడా రావడం మన దగ్గర కొత్త కాదు. టీబీ కోర్సులో ఉండే ఇథాంబుటాల్ కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. మొదట ఎరుపు, పచ్చ రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి, చూపు నడుమ మసక వస్తుంది. వారానికోసారి ఒక ఎర్ర మిరపకాయ పట్టుకుని ఒక కన్ను మూసి, తర్వాత ఇంకో కన్ను మూసి చూడమనండి. ఏ కంటికైనా రంగు వెలిసినట్టు, లేదా మొన్నటి కంటే పాలిపోయినట్టు కనిపిస్తే ఆ రోజే టీబీ డాక్టరుకు చెప్పండి. తొందరగా గుర్తించి మందు మారిస్తే చాలామందిలో చూపు తిరిగి వస్తుంది. మీ అంతట మీరు కోర్సు మొత్తం ఆపొద్దు.

ఇంట్లో వారానికోసారి చూసుకునేవి

గోడకున్న తెలుగు క్యాలెండర్ చాలు. చదువు అద్దాలు పెట్టుకుని, మూరెడు దూరంలో నిలబడి, ఒక్కో కన్ను మూసి తేదీల గడులు చూడాలి. గీతలు వంకరగా కనిపించినా, నడుమ గడి మాయమైనా మాక్యులా దెబ్బతింటున్నట్టు, వారం తిరగకుండా కంటి డాక్టరుకు చూపించాలి. రెండు కండ్లతో చూస్తే మంచి కన్ను చెడ్డ కంటిని కప్పేస్తుంది, కాబట్టి ఒక్కోటే చూడాలి.

ఎదురొచ్చే బండి లైటు పగిలి చిమ్మినట్టు కనిపించడం, ఎండలో చూపు ఇంకా తగ్గడం శుక్లం గుర్తులు. కంటి ప్రెషర్‌తో నరం మెల్లగా దెబ్బతినే నీటికాసులకు (గ్లకోమా) మాత్రం మొదట్లో ఏ గుర్తూ ఉండదు. పక్క చూపు పోయి, గడపకు తట్టుకునే దాకా తెలియదు. స్టెరాయిడ్ గోళీలు మొదలుపెట్టిన వారాల్లో చూపు ఒకరోజు బాగుండి ఒకరోజు మసకైతే షుగర్ చూపించండి, అది నిలకడకు వచ్చేదాకా కొత్త అద్దాలు చేయించొద్దు.

గట్టిగా దగ్గాక కంటి తెల్లగుడ్డు మీద నెత్తురు మరక కనిపిస్తే ఇంట్లో అందరూ హడలిపోతారు. నొప్పి లేకుండా, చూపు తగ్గకుండా ఉంటే అది పైపొరలో చిట్లిన సన్న నరం, రెండు మూడు వారాల్లో తానే పోతుంది. బీపీ చూపించండి, రక్తం పలచన చేసే మందు వాడుతుంటే, లేదా మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టరుకు చెప్పండి.

ఆసుపత్రిలో ఏం అడగాలి

తెలంగాణ ప్రభుత్వ కంటి వెలుగు శిబిరాలు 2018లో, మళ్లీ 2023లో మన ఊర్లకు వచ్చాయి, చాలామంది అద్దాలు తెచ్చుకున్నారు. అద్దాలు వచ్చినంత మాత్రాన కంటి లోపల పరీక్ష అయినట్టు కాదు. దమ్ము రోగికి ఏడాదికోసారైనా మూడు జరగాలి. కంటి ప్రెషర్ కొలవాలి, కనుపాప పెద్దది చేసి రెటీనా, నరం చూడాలి, కటకం చూడాలి. స్టెరాయిడ్ ఎక్కువ వాడేవాళ్లకు ఎన్ని నెలలకోసారి కావాలో డాక్టరును అడగండి. కనుపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు మసకగానే ఉంటుంది, తోడు మనిషి లేకుండా పోవద్దు, బండి నడపొద్దు.

"కండ్లకు బలం" అని అమ్మే విటమిన్ గోళీలు కొనేముందు అట్ట చదవండి. బీటా కెరోటిన్ ఉంటే పొగ తాగేవాళ్లకు, మానేసినవాళ్లకు వద్దు. అది ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుంది. అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ 2013లో ప్రకటించిన పెద్ద అధ్యయనం తర్వాత మాక్యులా జబ్బుకు ఇచ్చే మందులో దాని బదులు ల్యూటిన్, జియాజాంతిన్ పెడుతున్నారు. ఇది గోళీల సంగతే, పాలకూర, తోటకూర, క్యారెట్ నిశ్చింతగా తినండి.

శుక్లం ఆపరేషన్ చేయించాల్సి వస్తే

పూర్తి మత్తు ఇవ్వాల్సిన పని చాలావరకు ఉండదు, చుక్కలతోనో కంటి పక్కన సూదితోనో తిమ్మిరెక్కించి చేస్తారు. ఇబ్బందల్లా వెల్లకిలా పడుకోవడం, దగ్గు రావడం. కోత పెట్టి కన్ను తెరిచి ఉన్నప్పుడు గట్టి దగ్గు వస్తే కంటి లోపల రక్తస్రావం కావచ్చు.

అందుకే తేదీకి రెండు వారాల ముందు నుంచి ఇంట్లో సాధన చేయించండి. పలచటి దిండు మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముఖం మీద పలచని తువ్వాల కప్పి, గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు. మా బాపు మొదటి రోజు ఆరు నిమిషాలకే తువ్వాల లాగేసి లేచి కూర్చున్నాడు. దిండు ఇంకొంచెం ఎత్తు చేసి, ముక్కు దగ్గర గుడ్డ ఎత్తిపట్టాక తట్టుకున్నాడు. ఎంత ఎత్తు కావాలో, ఎన్ని నిమిషాలు ఉండగలడో లెక్క రాసి డాక్టరుకు ఇచ్చాం. బల్ల తల వైపు ఎత్తు పెట్టి, గుడ్డ కింద ఆక్సిజన్ గొట్టం ఉంచి చేశారు.

డిసెంబర్, జనవరి చలిలో దగ్గు ముదిరి ఉంటే వాయిదా అడగండి. చాలా శుక్లాలు నెల రెండు నెలలు ఆగుతాయి. ఆ రోజు పొద్దున పంపు మామూలుగా పీల్చాలి, థియేటర్ దాకా వెంట ఉండాలి. దగ్గు వస్తోందనిపిస్తే తల కదపకుండా ముందే నోటితో చెప్పమని నేర్పండి. మూత్రం ఇబ్బందికి టామ్సులోసిన్ గోళీ వాడుతుంటే, ఎప్పుడో మానేసినా సరే, చెప్పాలి. దానివల్ల కనుపాప పొర వదులై ఆపరేషన్ కష్టమవుతుంది. తర్వాత ప్రెషర్ పెరిగితే ఇచ్చే చుక్కల్లో టిమొలోల్ లేకుండా చూడమని డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ ఉచితం.

బీడీ గురించి

శుక్లం తీయించాక కూడా బీడీ కాలిస్తే రెటీనా దెబ్బ ఆగదు. మానడానికి ఒంటరిగా తంటాలు పడక్కర్లేదు. 1800112356 నంబరుకు ఖర్చు లేకుండా ఫోన్ చేస్తే మాట్లాడి దారి చూపుతారు. నికోటిన్ చూయింగ్ గమ్ గురించి ఛాతీ డాక్టరును అడగండి. మానిన తొలి వారాల్లో దగ్గు కొంత పెరగొచ్చు, అది చూసి "బీడీయే నయం" అని మళ్లీ వెలిగించేవాళ్లున్నారు. ఆ వారాల్లో ఇంటివాళ్లు పక్కనే ఉండాలి.

ఆగకూడని గంట

ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి, లైటు చుట్టూ ఇంద్రధనుస్సు లాంటి వలయాలు, తలనొప్పి, వాంతులు వస్తే, అదీ నెబులైజర్ పెట్టిన రోజు అయితే, గ్యాస్ అనో బీపీ అనో సోడా తాగించి పడుకోబెట్టొద్దు. ఆ ప్రెషర్ గంటల్లోనే చూపు తీసేస్తుంది. నొప్పి లేకుండా చూపు హఠాత్తుగా పోయినా, తెర దిగినట్టు కనిపించినా అంతే తొందర. రాత్రి అయినా 108కి ఫోన్ చేసి ఎంజీఎంకో, దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికో పోండి. చుక్కల మందు వేశాక దమ్ము లేస్తే ఇంకో చుక్క వేయకుండా సీసా పట్టుకుని బయలుదేరండి. బండి ఎక్కేటప్పుడు రోగి జేబులో పంపు, మీ చేతిలో ఆ ఫైలు ఉండాలి.